ఎండను తూచి చూసిన పెట్టెలు

ఎండ గురించి కోనసీమ ఆడవాళ్లకు ఒకరు కొత్తగా చెప్పనక్కర్లేదు. అమలాపురంలోగాని, రాజోలులోగాని, కొత్తపేటలోగాని శివరాత్రి దాటిందంటే డాబాలన్నీ మన రాజ్యమే కదండీ! గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఆ తరువాత మాగాయ ముక్కలు. దేనికి ఎంత ఎండ తగలాలో, ఏది ఎప్పుడు నీడకు తియ్యాలో మనకు చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది. కాని ఆ చెయ్యి చెప్పేది ఎండలోని వేడి సంగతి ఒక్కటే. ఎండలో కంటికి కనిపించకుండా, చేతికి తెలియకుండా ఉండే భాగం ఇంకొకటి ఉంది. మంచి రంగు చీర నాలుగు రోజులు దండెం మీద మరిచిపోతే మడత పైభాగం వెలిసిపోయి, లోపలి భాగం మామూలుగా ఉంటుంది చూడండి, ఆ పని చాలావరకు దానిదే. దాని పేరు అతినీలలోహిత కిరణాలు. ఆ కిరణాలు ఎంత ఉన్నాయో కొలవడానికి ఆకాశంలోకి బెలూన్లు కట్టి పంపిన పెట్టెల కథ ఇవాళ చెప్పుకుందాం.

ఈ కిరణాలు ఉన్నాయని మొదట కనిపెట్టినది 1801లో జర్మనీకి చెందిన రిట్టర్ అనే ఆయన. సూర్యకాంతిని గాజు పట్టకంలోంచి పంపితే ఏడు రంగులు విడిపోతాయి కదా. వెండి లవణం పూసిన కాగితాన్ని ఆ రంగుల కింద పెట్టి, ఏ రంగులో ఎంత త్వరగా నల్లబడుతుందో చూశాడాయన. తీరా చూస్తే ఊదారంగు అయిపోయిన తరువాత, ఏ రంగూ లేని చోట కాగితం అన్నిటికన్నా త్వరగా నల్లబడిందట! వెలుగు కనిపించని చోట కూడా ఏదో ఉందని అలా తేలింది.

ఇప్పుడు ఆ కిరణాలను ఎ, బి, సి అని మూడు తరగతులుగా చెబుతారు. ఎ తరగతివి నేలదాకా వచ్చేస్తాయి. బి తరగతివి కొద్దిగా వస్తాయి. ఆ కొద్దీ మన చర్మం మీద పడితేనే ఒంట్లో విటమిన్ డి తయారవుతుంది, మితిమీరితే చర్మం కమిలిపోతుంది, ఏళ్ల తరబడి తగిలితే కంట్లో శుక్లాలకు దోహదం చేస్తుంది. మామూలు కిటికీ అద్దం ఈ బి కిరణాలను ఆపేస్తుంది. అందుకే అద్దం తలుపు వేసుకుని వెనక కూర్చుంటే వెచ్చదనం వస్తుందిగాని విటమిన్ రాదు. ఇక సి తరగతివి ప్రాణికోటికి గొడ్డలిపెట్టు. అదృష్టవశాత్తూ అవి నేలకు చేరనే చేరవు.

చేరకుండా ఆపేది ఎవరండీ అంటే, ఓజోన్ అనే వాయువు. ఆకాశంలో అంత ఎత్తున పలచగా పరుచుకుని ఉన్న ఆ వాయువునంతా కిందికి తెచ్చి, నేల మీది గాలి ఒత్తిడిలో ఒక పొరగా పరిస్తే దాని మందం సుమారు 3 మిల్లీమీటర్లు. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. మనలాంటి ఉష్ణదేశాల మీద ఆ పొర చలిదేశాల మీద కంటే ఇంకా పలచన. పైగా అమలాపురం మీద ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. కిరణాలు వాలుగా కాకుండా నిట్టనిలువుగా, ఆ పలచని పొరను అడ్డంగా దాటి వచ్చేస్తాయి. కాబట్టి ఈ లెక్క ఎవరికి కావాలన్నా కావాలిగాని, మనకు మరీ కావాలి.

ఓజోన్ ఉన్నదని నేల మీద నుంచే గ్రహించారు, 19వ శతాబ్దంలోనే. సూర్యకాంతిలో కొన్ని కిరణాలు రావలసినవి రావడం లేదు, మధ్యలో ఎవరో దొంగిలిస్తున్నారు, ఆ దొంగ ఓజోన్ అని 1881లో హార్ట్‌లీ అనే ఆయన చెప్పాడు. అయితే దొంగ ఎవరో తెలిసినా, ఏ అంతస్తులో దాక్కున్నాడో తెలియలేదు. తెలియాలంటే పైకి ఎక్కి చూడాలి.

పైకి ఎక్కడమంటే అప్పటికి బెలూనే. 1783లో ఫ్రాన్సులో మోంగోల్ఫియర్ సోదరులు వేడిగాలి బెలూన్‌కు బుట్ట కట్టి మొదట ఒక గొర్రెను, బాతును, కోడిపుంజును పంపారు. అవి క్షేమంగా దిగాకే మనుషులు ఎక్కారు. 1804లో గే లుసాక్ అనే శాస్త్రజ్ఞుడు ఒంటరిగా 7 కిలోమీటర్ల ఎత్తుకు పోయి అక్కడి గాలిని సీసాల్లో పట్టి తెచ్చాడు. 1862లో ఇంగ్లండులో గ్లైషర్, కాక్స్‌వెల్ అనే ఇద్దరు ఇంకా ఎత్తుకు పోయారు. ఊపిరాడక గ్లైషర్ స్పృహ తప్పాడు. కాక్స్‌వెల్ చేతులు చలికి కొయ్యబారిపోతే, పళ్లతో తాడు లాగి బెలూన్‌లో గాలి వదిలించి ఇద్దరి ప్రాణాలూ కాపాడాడు. ఆ తరువాత పెద్దలకు బుద్ధి వచ్చింది. మనిషి వెళ్లనక్కర్లేదు, పరికరం వెళితే చాలు, అది చూసినది రాసుకుని తిరిగి వస్తే చాలు అనుకున్నారు. పరికరాల పెట్టె చరిత్ర అక్కడే మొదలయింది.

ఓజోన్ ఎక్కడుందో పెట్టె పంపి తేల్చిన వారిలో ఒక తండ్రీ కొడుకులున్నారు. జర్మనీలో స్టుట్‌గార్ట్ నగరంలో ఎరిక్ రెగెనర్ భౌతికశాస్త్రం ఆచార్యుడు. కొడుకు విక్టర్ అప్పటికి ఇరవయ్యేళ్ల విద్యార్థి. 1934లో ఇద్దరూ కలిసి సూర్యుడి అతినీలలోహిత కాంతిని దానంతట అదే ఫోటో తీసుకునే చిన్న యంత్రాన్ని రబ్బరు బెలూన్లకు కట్టి సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. పెట్టె పైకి పోయేకొద్దీ ఫోటోలలో కింద కనిపించని కిరణాలు ఒక్కొక్కటే కనిపించసాగాయి. అంటే దొంగ ఉన్న అంతస్తు దాటుతున్నదన్నమాట. ఓజోన్ నలభై, యాభై కిలోమీటర్ల ఎత్తున ఉంటుందని అంతకుముందు అనుకునేవారు. అంత పైన కాదు, ఎక్కువ భాగం అంతకు సగం ఎత్తులోనే ఉన్నదని ఆ ఫోటోలు సాక్ష్యం చెప్పాయి. నేల మీద నుంచి వేరే ఉపాయంతో లెక్క కట్టినవారూ ఆ రోజుల్లోనే అదే మాట అన్నారు. రెండు దారులూ ఒకే ఇంటికి చేరాయి కాబట్టి లోకం నమ్మింది.

ఆ కుటుంబం సంగతి వింటే మనసు చివుక్కుమంటుంది. తండ్రిగారి భార్యది యూదుల వంశమని 1937లో నాజీ ప్రభుత్వం ఆయనను ఉద్యోగం నుంచి తప్పించింది. కొడుకు దేశం విడిచిపోయి, చివరికి అమెరికాలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడా ఓజోన్ పరికరాలే తయారు చేశాడు. ఆకాశం అందరిదీ అని చదువుకున్నవాళ్లకే నేల మీద చోటు లేకపోయింది!

ఇక మన దేశం సంగతి. 1920లలోనే ఆగ్రా నుంచి వాతావరణ శాఖ బెలూన్లు పంపేది. ఆ లెక్కలు పట్టుకుని కె. ఆర్. రామనాథన్ గారు 1929లో ఒక వింత చెప్పారు. నేల మీద అన్నిటికంటే వేడి భూమధ్యరేఖ దగ్గర కదా, కాని పైన సుమారు 17 కిలోమీటర్ల ఎత్తున అన్నిటికంటే చల్లటి గాలి ఉన్నదీ ఆ భూమధ్యరేఖ మీదనే అన్నారు. మన తల మీద ఎండ మాడ్చేస్తూంటే, దాని పైన సున్నాకి 80 డిగ్రీలు దిగువ చలి! ఆయనే తరువాత అహమ్మదాబాదులో భౌతిక పరిశోధనాలయానికి తొలి డైరెక్టరై, దేశంలో ఓజోన్ కొలతలకు పెద్దదిక్కయ్యారు.

ఆ పరికరాలను మన దేశంలోనే తయారు చేయించినావిడ పేరు మాత్రం మన ఆడవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆవిడ అన్నా మణి. 1918లో తిరువాన్కూరు సంస్థానంలో పీర్మేడులో పుట్టింది. ఎనిమిదో ఏట పుట్టినరోజుకు ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం వజ్రాల దుద్దులు పెడతామంటే, నాకవి వద్దు, విజ్ఞాన సర్వస్వం పుస్తకాలు కొనిపెట్టండి అన్నదట. చిత్రమేమంటే, పెద్దయ్యాక బెంగుళూరులో సి. వి. రామన్ గారి దగ్గర చేరి పరిశోధన చేసినది వజ్రాల మీదే. చెవులకు పెట్టుకోవడానికి కాదు, వాటి మీద వెలుగు పడితే ఏమవుతుందో చూడటానికి! ఎమ్మెస్సీ పట్టా లేదనే కారణం చెప్పి మద్రాసు విశ్వవిద్యాలయం ఆవిడకు డాక్టరేటు ఇవ్వలేదు. ఆవిడ అక్కడే ఆగిపోలేదు. ఇంగ్లండు వెళ్లి వాతావరణ పరికరాల విద్య నేర్చుకుని, 1948లో తిరిగివచ్చి పూనాలో వాతావరణ శాఖలో చేరింది. దిగుమతి చేసుకునే పరికరాలను ఒక్కొక్కటే ఇక్కడ తయారు చేయించింది. 1957, 58లలో దేశంలో పలుచోట్ల ఎండను కొలిచే కేంద్రాలు నెలకొల్పింది. 1960లలో ఆవిడ ఆధ్వర్యాన మన ఓజోన్ బెలూన్ పరికరం తయారయింది. దాని కిటుకు చాలా సరళం. చిన్న పంపు బయటి గాలిని పీల్చి పొటాషియం అయొడైడ్ కలిపిన నీటిలోకి బుడగలుగా వదులుతుంది. గాలిలో ఓజోన్ ఎంత ఉంటే అంత విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తు లెక్కను రేడియో కిందికి పంపుతుంది. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్ హోదాలో రిటైరైన ఆవిడ 2001లో కన్నుమూసింది. డాక్టరేటు లేని ఆవిడ చేయించిన పరికరాల లెక్కల మీద ఎందరికి డాక్టరేట్లు వచ్చాయో!

మన తెలుగునాటికి వస్తే, హైదరాబాదుకు ఈ చరిత్రలో పెద్దపీట ఉంది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ వారు 1969లో హైదరాబాదులో ఈసీఐఎల్ పక్కన శాశ్వతంగా బెలూన్ కేంద్రం పెట్టారు. అక్కడి బెలూన్లు మన పిల్లలు ఊదే బెలూన్లలాంటివి కావు. చాలా పలచని పాలిథిన్ పొరలను అతికి కుట్టు లేకుండా తయారు చేస్తారు. హైడ్రోజన్‌తో నిండి పైన పూర్తిగా విచ్చుకున్నాక 50 మీటర్ల నుంచి 85 మీటర్ల అడ్డకొలత ఉంటాయి. 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. చలికాలం, వేసవి మొదటి నెలలలో రాత్రిపూటో తెల్లవారుజామునో వదులుతారు.

ఈ లెక్కల అవసరం ఎంతటిదో 1970ల తరువాత తెలిసింది. ఇక్కడ మన వంటింటి ఫ్రిజ్జు కథలోకి వస్తుంది. ఫ్రిజ్జు చల్లబరిచే గ్యాసు, స్ప్రే డబ్బాలలో నింపే గ్యాసు ఆ రోజుల్లో క్లోరోఫ్లోరో కార్బన్లు. వాసన లేదు, మండదు, విషం కాదు, ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నారు. అవి మెల్లగా పైకి చేరి, అతినీలలోహిత కిరణాల దెబ్బకు విరిగి, క్లోరిన్ వదిలి ఓజోన్‌ను తినేస్తాయని 1974లో మొలీనా, రోలండ్ అనే ఇద్దరు చెప్పారు. 1985లో దక్షిణ ధ్రువం మీద ఓజోన్ పొర దారుణంగా పలచబడిందని బ్రిటిష్ శాస్త్రజ్ఞులు నేల మీది పాత పరికరంతోనే ఏళ్ల తరబడి తీసిన లెక్కలతో చూపించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో పలు దేశాలు ఒప్పందానికి వచ్చాయి. మన దేశం 1992లో చేరింది. 2010 నాటికి ఆ గ్యాసుల వాడకం మన దగ్గర ఆగిపోయింది. ఆ 1980, 90లలోనే అహమ్మదాబాదు శాస్త్రజ్ఞులు, జర్మనీ శాస్త్రజ్ఞులు కలిసి హైదరాబాదు నుంచి బెలూన్లు పంపి, మన నెత్తిమీది గాలిలో ఆ గ్యాసులు ఎంతెంత ఎత్తున ఎంతెంత ఉన్నాయో పట్టి తెచ్చి కొలిచారు. ఇలాంటి లెక్కలే లేకపోతే ఫ్రిజ్జులో గ్యాసు మార్చమని కంపెనీలకు ఎవరు చెప్పగలరండీ? చెప్పినా ఎవరు వింటారు? 2022లో ఐక్యరాజ్య సమితి నిపుణులు వేసిన అంచనా ప్రకారం, ఈ కట్టడి ఇలాగే సాగితే లోకంలో చాలాచోట్ల 2040 నాటికీ, దక్షిణ ధ్రువం మీద 2066 నాటికీ ఓజోన్ 1980 నాటి స్థితికి వస్తుంది.

హైదరాబాదు నుంచే 2005 ఏప్రిల్‌లో ఇస్రో వారు పంపిన బెలూన్ ఇంకొక వింత తెచ్చింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తున పట్టిన గాలిలో సూక్ష్మజీవులు దొరికాయి. వాటిలో మూడు అంతకుముందు ఎవరూ ఎరుగని బాక్టీరియా జాతులని 2009లో ప్రకటించారు. హైదరాబాదులోని సీసీఎంబీలో, పూనాలో వాటిని పరీక్షించారు. వాటి దగ్గరి చుట్టాలకంటే ఇవి అతినీలలోహిత కిరణాలకు ఎక్కువ తట్టుకున్నాయట.

ఇదంతా పెద్ద పెద్ద సంస్థల పని అనుకోకండి. ఇప్పుడు విద్యార్థులు కూడా ఇలాంటి పెట్టెలు తయారు చేస్తున్నారు. బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థలో 2011 ప్రాంతాల నుంచి హోస్కోట ప్రాంగణం నుంచి చిన్న రబ్బరు బెలూన్లకు నాలుగైదు కిలోల పెట్టెలు కట్టి పంపడం మొదలుపెట్టారు. పై ఆకాశంలోని అతినీలలోహిత కాంతిని కొలిచే పరికరాలను అక్కడ పరిశోధక విద్యార్థులే తమ చేతులతో కూర్చారు. ఆ తయారీ ఎలా ఉంటుందో వింటే, ఇది ఒక రకంగా మన పనే కదా అనిపిస్తుంది.

ముందు బరువు. పెళ్లివారి సామానులా ఇదీ అదీ కుక్కడానికి లేదు. స్క్రూలతో సహా ప్రతిదీ తూచాలి. పెట్టె థర్మోకోల్‌ది, ఐస్‌క్రీం బండిలో లోపల వేసే సరుకే. రామనాథన్ గారు చెప్పిన ఆ 17 కిలోమీటర్ల చలిలోంచి దాటాలి కాబట్టి బ్యాటరీలు బిగుసుకుపోకుండా వెచ్చగా కప్పాలి. అలాగని మరీ బిగించి కప్పినా చిక్కే. పైన గాలి నూటికి ఒక వంతే ఉంటుంది, విసనకర్రకు గాలే ఉండదు, పరికరం తన వేడితో తానే ఉడికిపోవచ్చు. లోపల తేమ మిగిలితే మంచు కడుతుంది కాబట్టి తేమ పీల్చే పొట్లాలు పెట్టాలి, మనం బిస్కెట్ల డబ్బాలో బియ్యం మూట పెట్టినట్టు.

తరువాత కిరణాలు కొలిచే కన్ను. దాని ముందు మామూలు అద్దం పెడితే బి కిరణాలను ఆ అద్దమే మింగేస్తుంది. అందుకని క్వార్ట్జ్ అద్దం పెడతారు. కనిపించే వెలుగును వడగట్టేయడానికి ఒక జల్లెడ అద్దం పెడతారు. కన్ను చెప్పే అంకె చలికి మారిపోతుంది కనుక పక్కనే ఒక థర్మామీటరు ఉండాలి. పెట్టె గాలిలో గిరగిరా తిరుగుతుంది కనుక ఒక్క కన్ను చాలదు, నలువైపులా చూడాలి, లేదా అన్ని వైపుల వెలుగునూ సమంగా పంచే తెల్లటి మూత పెట్టాలి. ఇంకొక చిక్కుందండోయ్. సూర్యుడు నడినెత్తిన ఉంటే బెలూన్ నీడే పెట్టె మీద పడుతుంది! అందుకని పొడుగాటి తాడు కట్టి, సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు చూసుకుని వదలాలి.

అన్నీ అయ్యాక పరీక్షలు. తెలిసిన దీపం ముందు పెట్టి, ఎంత చెప్పాలో అంతే చెబుతోందా అని చూడాలి. చల్లటి పెట్టెలో గంటలకొద్దీ ఉంచి చూడాలి. అచ్చం అలాంటిదే ఇంకొక పెట్టె నేల మీద ఉంచితే, పైనా కిందా సరిపోల్చుకోవచ్చు. విమానాలు తిరిగే దారి కాబట్టి ముందుగా విమానయాన శాఖ అనుమతి తీసుకోవాలి. వదిలాక గంటన్నర పైచిలుకు ప్రయాణం. గాలి ఒత్తిడి తగ్గేకొద్దీ బెలూన్ ఉబ్బి, 30 కిలోమీటర్ల దగ్గర అడ్డకొలత నాలుగు రెట్లయి, ఠప్పున పగిలిపోతుంది. పెట్టె పారాచూట్ మీద దిగుతుంది. లోపలి మెమరీ కార్డు దొరికితే పండగ, దొరకకపోతే రేడియోలో వచ్చినంతే ప్రాప్తం.

ఇలాంటివి మన కోనసీమ నుంచి వదలరాదా అని మీకు అనిపించవచ్చు. వాన కాలంలో అయితే 14, 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు గాలి హోరుమని పడమటికి లాగుతుంది. ఆ గాలి సంగతి 1958లో లోకానికి చెప్పినది మన పి. కోటేశ్వరం గారు. చలికాలంలో పై గాలి పడమటి నుంచి వీచి బంగాళాఖాతంలో పడేస్తుంది. సముద్రంలో పడకపోతే గోదావరి పాయల్లో, కాలవల్లో, అదీ కాకపోతే కొబ్బరిచెట్టు మొవ్వులో! పెట్టె దింపడానికి దింపు తీసేవాళ్లను పిలవవలసి వస్తుంది.

నవ్వులాటకన్నానుగాని, పెట్టె ఎక్కడ దిగితే అక్కడివాళ్ల చేతిలో ఉంటుంది దాని ఫలితం. 2022 డిసెంబరులో హైదరాబాదు నుంచి వదిలిన ఒక బెలూన్ తాలూకు పెద్ద పెట్టె వికారాబాదు జిల్లా మర్పల్లి వైపు పొలాల్లో దిగితే, ఏ గ్రహం నుంచి వచ్చిందో అని జనం తండోపతండాలుగా పోయారు. మన విశాఖపట్నం, మచిలీపట్నం నుంచి కూడా వాతావరణ శాఖవారు గాలి, తేమ, ఉష్ణోగ్రత కొలిచే బెలూన్లు పంపుతూంటారు. తుపాను ఎటు మళ్లుతుందో చెప్పడానికి ఆ లెక్కలూ ఆధారమే. 1996 నవంబరు 6 రాత్రి చూసిన మనకు దాని విలువ వేరే చెప్పాలా? కనుక పొలంలోనో పెరట్లోనో తెల్లటి పెట్టె, చిరిగిన రబ్బరు, పారాచూట్ కనిపిస్తే భయపడకండి, పిల్లలను విప్పనివ్వకండి. దాని మీద రాసిన చిరునామాకో, దగ్గరి పోలీసు స్టేషనుకో కబురు చెయ్యండి. హైదరాబాదు కేంద్రంవారు వారి పెట్టెలు అప్పగించినవారికి ఖర్చులూ, బహుమానమూ కూడా ఇస్తామని ప్రకటిస్తూ వచ్చారు.

చివరిగా ఒక మాట. మన ఇళ్లలో మగపిల్లవాడు రేడియో విప్పితే మెకానిక్ అవుతాడని మురిసిపోతాం. ఆడపిల్ల స్క్రూడ్రైవరు పట్టుకుంటే, చెయ్యి కోసుకుంటావు, నీకెందుకమ్మా అంటాం. మనం వద్దన్న ఆ చేతులకు తూకం తెలుసు, కొలత తెలుసు, దేన్ని ఎలా పొదిగి పెడితే చెక్కుచెదరదో తెలుసు. కావలసినది కాస్త టంకం వేయడం నేర్పే మాస్టారు, కాదనకుండా ఊరుకునే అమ్మ. మీ అమ్మాయి కాలేజీలో తోటివాళ్లతో కలిసి ఇలాంటి పెట్టె ఒకటి చేస్తామని వస్తే, పెళ్లికని దాచిన దుద్దులు అమ్మమని నేను చెప్పనుగాని, వంటింటి త్రాసు, ఫ్రిజ్జులో ఒక అర మాత్రం రెండు రోజులు ఆ పిల్లకు ఇచ్చెయ్యండి. సెలవు.